అసిరయ్య పంపిన తుఫాను

అసిరయ్య టీ కొట్టు వైపు వస్తున్నాడంటే బెంచీ మీద కాళ్లు ముడుచుకు కూర్చున్నవాళ్లు గబుక్కున కిందికి దించుతారు. ఆయన ఎవర్నీ కొట్టడు. యాభై ఎనిమిదేళ్లలో చెయ్యి ఎత్తింది రెండుసార్లే, ఆ రెండూ మొరాయించిన బోటు ఇంజను మీద. కానీ ఆయన తిట్టు అలాంటిలాంటిది కాదు. అందరికీ ఒకే తిట్టు పంచడం ఆయనకి నచ్చదు. దర్జీ చొక్కా కుట్టినట్టు ఎవరి కొలతకి వాళ్లకి కుట్టి తొడుగుతాడు. అందుకే కొత్తరేవుపేటలో ఆయన చేత తిట్టు తిన్నవాడు వారం రోజుల దాకా నలుగురిలోకి రాడు.

ఈ కోపానికి ఓ పుట్టుక ఉంది. ఇరవై ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం పక్క పేటలో ఒకడు రేడియోలో తుఫాను గాలి కబురు విన్నాడు. అప్పట్లో వల తెగిన గొడవొకటి రెండు పేటల మధ్య నడుస్తోంది. 'ఆళ్లకి మనమెందుకు సెప్పాల' అనుకుని ఆ మనిషి నోరు మూసుకున్నాడు. మర్నాడు కొత్తరేవుపేట నుంచి ఐదు పడవలు వెళ్లాయి, మూడు తిరిగొచ్చాయి. అసిరయ్య అన్న గంగరాజు పడవ చెక్కలు చెక్కలుగా ఒడ్డుకొచ్చింది. గంగరాజు రాలేదు. అప్పటికి గంగరాజు కొడుకు అప్పలసూరికి ఏడాదిన్నర. తండ్రి కోసం ఏడవడం కూడా రాని ఆ పిల్లాడిని భుజాన వేసుకుని అసిరయ్య ఆ రోజు మొదలుపెట్టిన తిట్లు ఇప్పటికీ పూర్తి కాలేదు.

గాలి కబురు ఆపకూడదు అనేది ఆ ఒడ్డున పెద్దల మాట. విన్నవాడు మంచినీళ్లు తాగేలోపు పక్క పేటకి అందించాలి. వెనకటికి ఇసుక దిబ్బ ఎక్కి కేకేసేవారు, ఇప్పుడు ఫోను. అసిరయ్య వాట్సాప్‌లో 'గాలి కబుర్లు' అని ఒక గ్రూపు పెట్టి ఎనిమిది పేటల నుంచి రెండొందల పన్నెండు మందిని చేర్చాడు. అందులో గాలి, అల, చేప తప్ప మాట ఉండకూడదు. పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపిన సొంత వియ్యంకుడు జగన్నాధాన్ని మూడుసార్లు తీసేసి మూడుసార్లు చేర్చుకున్నాడు. "పూలెడితే సముద్రం నవ్వుతాదేటి బావా?" అని అడిగాడు.

ఆశ్వయుజం చివర్లో ఒక పొద్దున ఆ జగన్నాధం నుంచే ఒక ఫైలు వచ్చింది. మీద ఎర్రటి అల బొమ్మ, కింద 'తుఫాను హెచ్చరిక యాప్ - మత్స్యకారులకు అత్యవసరం' అని అచ్చ తెలుగులో రాసుంది. అసిరయ్య నొక్కాడు. తెలియని చోటు నుంచి వచ్చింది, జాగ్రత్త అంది ఫోను. "నీకు తెలీకపోతే నాకు తెలుసు, మా వియ్యంకుడు," అని ఫోనుకి నచ్చజెప్పి మళ్లీ నొక్కాడు. అది పేర్ల పట్టీ చూస్తానంది. మెసేజీలు చదువుతానంది. తెర మీద ఏముందో అంతా చూస్తానంది.

"ఏటే ఇది? తుఫాను సెప్పడానికి నా మెసేజీలు సదవడమెందుకు?" అని అరిచాడు.

భార్య కూర్మమ్మ కూరకి కవ్వళ్ల చేపలు తోముతోంది. "ఆడ్నే అడుగు. నన్నడిగితే నానేటి సెప్తాను?"

"ఆడెవుడే?"

"ఎవుడో తెలీనోడికి ఇంటి తాళాలన్నీ ఎందుకిస్తన్నావు మరి?"

"గాలి కబురే! ఆగమంటే ఆగుతాదేటి గాలి?" అని అన్నిటికీ సరే సరే అని నొక్కేశాడు. యాప్ తెరుచుకుని, ఒక చక్రం కాసేపు తిరిగి, మూసుకుపోయింది. తుఫాను లేదు కాబట్టి ఏమీ చూపించలేదని ఆయనకి తృప్తి కలిగింది. మంచినీళ్లు తాగకుండానే ఆ ఫైలు గ్రూపులో పెట్టి, గొంతు రికార్డు చేసి పంపాడు: "అందరూ బేగి ఏసుకోండి. సాయంకాలం ఒక్కొక్కడి ఫోనూ సూస్తాను. ఏసుకోనోడ్ని గ్రూపులోంచి తీసీడమే కాదు, ఎందుకు తీసీసినానో టీ కొట్టు కాడ సెప్తాను."

తుఫానుకి భయపడనివాళ్లు కూడా ఆ ఆఖరి మాటకి భయపడ్డారు. మధ్యాహ్నానికల్లా సగం మంది వేసుకున్నారు.

రెండో రోజు నుంచి ఆయన ఫోను దానంతట అది పని చేయడం మొదలుపెట్టింది. అదే ఫైలు వియ్యపురాలికి పద్నాలుగుసార్లు వెళ్లింది. గుడి పూజారికి వెళ్లింది. అల్లుడి పెదతల్లికి వెళ్లింది. ఆరేళ్లుగా మాటల్లేని ఐస్ ఫ్యాక్టరీ నరసింగరావుకి కూడా వెళ్లింది. ఆయన, 'పోన్లే, మొదట ఆడే కబురెట్టినాడు' అని కళ్లు తుడుచుకుని ఒక ఐసు దిమ్మ పంపించాడు. ఎందుకొచ్చిందో తెలియని ఆ దిమ్మని వెనక్కి పంపలేక, ఉంచుకోలేక అసిరయ్య వాకిట్లో నిలబడి అది కరుగుతుంటే చూశాడు.

నవ్వుకోవడానికి అక్కడిదాకా బాగానే ఉంది. ఆ సాయంత్రం దానమ్మ వచ్చింది. మొగుడు పోయాక గంప నెత్తిన పెట్టుకుని పన్నెండేళ్లుగా చేపలమ్మే మనిషి. కొడుక్కి వల కొనాలని బ్యాంకులో దాచుకున్నదంతా పోయింది. బ్యాంకు పంపిన ఓటీపీ అంకెలు ఆవిడ ఫోనుకి వచ్చాయి గానీ ఆవిడకంటే ముందు ఇంకెవడో చదివేశాడు. ఆవిడ అరవలేదు. గడప బయటే నిలబడి, "నువ్వు ఏసుకోమన్నావని ఏసుకున్నాను బాబూ," అంది. ఆ ఒక్క మాటే అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే అసిరయ్య ఆటో ఎక్కి నౌపడ రైలు స్టేషన్ దారిలో ఉన్న సెల్‌ఫోన్ల కొట్టుకి వెళ్లాడు. ఆ కొట్టు ఆయన అక్క కూతురు అనూరాధది. ముప్పై దాటిన మనిషి. మేనమామ తిట్లకి అలవాటు పడి, వాటి మధ్య ఎక్కడ మాట్లాడాలో నేర్చుకున్న కొద్దిమందిలో ఒకతె.

"ఆ వైరస్ గాడ్ని బయటికి లాగే. నా కళ్లతో సూడాల," అని ఫోను బల్ల మీద పడేశాడు.

"ముందు కూకో మావా." ఆమె ఫోన్లో డేటా ఆపింది, వైఫై ఆపింది, సిమ్ముని బయటికి తీసింది. "ఇది వైరస్ కాదు."

"ఊరంతా వైరస్సే అంటన్నారు!"

"ఊరు అన్నిటికీ అదే పేరెడతాది. పడవ అడుక్కి నత్తలు పట్టవా? ఆటికి కాళ్లుండవు. పడవ ఎల్తే ఎల్తాయి, ఆగితే ఆగుతాయి. వైరస్ అలాటిది. ఇంకో ఫైలుకి అంటుకునుంటాది. ఆ ఫైలు తెరిస్తే లెగుస్తాది. పాటల పెన్‌డ్రైవ్‌తోటి ఎల్లి పక్కోడి కంప్యూటర్లో దిగిపోతాది."

"నాను నత్తల్ని పంపలేదు."

"లేదు. వార్మ్ అని ఇంకోటుంటాది, పురుగు. దాన్ని ఎవులూ తెరవక్కర్లేదు. గోడకి కన్నముంటే సాలు, ఒక కంప్యూటర్లోంచి ఇంకోదాన్లోకి దానంతటదే పాకుతాది. ఆ కన్నాలు పూడ్సడానికే ఫోను అప్‌డేట్ సేసుకోమని అడిగేది. నువ్వు రెండేళ్లై సెయ్యలేదు."

"రోజూ అడుగుతాది. ఇసుగొస్తాది."

"తెలీనోడ్ని నమ్మినావు, మంచికి అడిగినోడి మీద ఇసుక్కున్నావు. నీకొచ్చింది ట్రోజన్ మావా. ఏషగాడు. గంపలో పైన కానాగంత సేపలు, అడుగున తేలు. ఆ గంపని నువ్వే నెత్తినెట్టుకుని ఇంట్లోకి తెచ్చినావు. తలుపు ఇరగ్గొట్టలేదు, గోడ దూకలేదు. తాళాలడిగినాది, నువ్విచ్చినావు. లోపలికొచ్చినాక స్పైవేర్ పని మొదలెట్టినాది. మూల కూకుని వచ్చిన మెసేజీ వచ్చినట్టు సదివి దాన్ని తయారుసేసిన దొంగకి పంపడం."

"ఇంకా ఎన్ని రకాలున్నారే ఈ ఎదవలు!"

"సానా ఉన్నారు. మన వీధి సివర స్టూడియో ఆయన ఉన్నాడా? డబ్బులు మిగుల్తాయని ఫొటోల సాఫ్ట్‌వేర్ దొంగది ఏసుకున్నాడు. దాన్తోటి రాన్సమ్‌వేర్ వచ్చినాది. కంప్యూటర్లో ఉన్న మూడు పెళ్లిళ్ల ఫొటోలకీ తాళమేసీసి, తాళంసెవి కావాలంటే ఇంతియ్యి అన్నాది. ఇచ్చినా తీస్తాడని రాసిచ్చినోడు లేడు. ఏరే దాన్లో ఇంకో కాపీ దాసుకోలేదు పాపం. ఇప్పుడు ఆ మూడు జంటలూ మళ్లీ ముస్తాబై తాళి కట్టుకోవాల."

అసిరయ్య నవ్వలేదు. "పాకేది పురుగన్నావు కదా. మరిది నా ఫోన్లోంచి అందరికీ ఎలాగెల్లింది?"

అనూరాధ ఆయన వైపు చూసి, మెల్లగా చెప్పింది. "నీ పేర్ల పట్టీ సూసి కొంతమందికి అదే పంపినాది. ఆళ్లు పెద్దగా నొక్కలేదు మావా. నొక్కినోళ్లంతా గ్రూపులో నీ గొంతు ఇని నొక్కినారు."

ఆ మాట గంప అడుగున తేలు కంటే గట్టిగా కుట్టింది. తుఫాను పేరు పెట్టుకుని దొంగతనానికి రావడమా! కబురు ఆపినవాడొకడు తన అన్నని తీసుకుపోయాడు. ఇప్పుడు కబురు ఆపకూడదనే మాటనే దారిగా చేసుకుని ఇంకొకడు ఊరు మీద పడ్డాడు. ఎవడో తెలిస్తే కొలతలు తీసి తిట్టు కుట్టేవాడు. మొహం లేని వాడికి ఏ కొలతకని కుడతాడు?

"ఇప్పుడేటి సెయ్యాల?"

"ఫోను మొత్తం తుడిసేస్తాను. పేర్లన్నీ ఫోన్లోనే ఉన్నాయి, పోతాయి. దానమ్మత్తని తీసుకురా, సైబర్ దొంగతనాల నంబరు 1930కి ఫిర్యాదు సేద్దాం, బ్యాంకుకీ సెబుదాం. గ్రూపులో నువ్వు ఒక్క మాట సెప్పు. అది దొంగది, తెలీక పంపినాను, తీసీండి అని."

"రెండొందల పన్నెండు మంది ముందు నాను ఎదవనని సెప్పాలా?"

"ఎదవనని కాదు, తెలీక పంపినానని."

"రెండూ ఒకటే!" అని లేచాడు. ఆమె ఫోను తుడిచి ఇచ్చాక గ్రూపులో ఆయన పెట్టిన మాట ఇది: "నా ఫోను పాడైనాది. నాకేటీ సమ్మందం లేదు."

అంతవరకూ జాలిపడ్డవాళ్లు కూడా ఆ మాటకి మండిపడ్డారు. ఒక్కొక్కరే గ్రూపులోంచి బయటికి పోయారు. ఉన్నవాళ్లు ఆయన పెట్టింది తెరవడం మానేశారు. ఇంటికొచ్చి మొహం మీద అడిగినవాడు ఒక్కడే, అప్పలసూరి.

"ఊరంతట్నీ తిడతావు కదా సిన్నాన్నా. దానమ్మత్త గుమ్మంలో నిలబడితే నిన్ను నువ్వు ఒక్క తిట్టు తిట్టుకోలేకపోయావా?"

"నోరుముయ్యరా గుంటడా! నిన్ను ఎత్తుకు పెంచినాను."

"అందుకే అడుగుతన్నాను," అని వాడు వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే చిన్నాన్న నంబరు రాకుండా ఫోన్లో కట్టేశాడు.

నాలుగో రోజు తెల్లారకుండానే కొత్తరేవుపేట నుంచి తొమ్మిది బోట్లు వెళ్లాయి. ఎండెక్కేసరికి అసిరయ్య ఒడ్డున వల బాగుచేస్తూ తల ఎత్తాడు. అలకీ అలకీ మధ్య ఎడం పెరిగింది. గాలి లేదు, అయినా అల బరువుగా వచ్చి పడుతోంది. ఆయన చేతిలో నూలు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మత్స్యశాఖలో తెలిసిన ఉద్యోగి ఒకాయన గ్రూపులో హెచ్చరిక కాగితం పెట్టాడు. మధ్యాహ్నం తర్వాత పెద్ద గాలి, సముద్రంలో ఉన్నవాళ్లు వెంటనే తిరిగి రావాలి.

దాని కింద జగన్నాధం రాశాడు: "ఎవరూ తెరవకండి. ఇదీ ఆ దొంగదే."

అసిరయ్య వల పక్కన పడేశాడు. బోట్లకి ఫోన్ చేద్దామంటే ఫోన్లో ఒక్క పేరూ లేదు. అప్పలసూరి నంబరు మాత్రం నోటికి వచ్చు. పదకొండుసార్లు కొట్టాడు. పదకొండుసార్లూ కలవలేదు. గ్రూపులో గొంతు పెట్టాడు, ఎవరూ వినలేదు. ఇరవై ఆరేళ్ల కిందట ఎవడో నోరు మూసుకుంటే ఆగిన కబురు, ఇప్పుడు తాను నోరు చించుకుంటున్నా ఆగిపోయింది. ఆయన మాట నమ్మి నంబరు చెప్పేవాడు పేటలో లేడు. ఆటో ఎక్కి నౌపడ దాకా ఉప్పుమడుల పొడుగునా తనని తానే తిట్టుకుంటూ వెళ్లాడు. ఆటోవాడు తననే అనుకుని జోరు పెంచాడు.

అనూరాధ కొట్లో రీచార్జ్ నంబర్ల పుస్తకం ఉంది. పేటలో ప్రతివాడి నంబరూ అందులో ఉంది. ఆమె తన ఫోను ఆయన చేతికిచ్చి ఒక్కో నంబరూ చదివింది. మొదటిది నాగబాబుది.

"ఎవులు?"

"నాను, బాబూ. అసిరయ్యని." ఆయన గొంతు సన్నగా వచ్చింది. "గాలొస్తాదంట. కాస్త బేగి వచ్చీండి నాయనా, దయసేసి."

"ఏ అసిరయ్య? ఈ నంబరు ఆయనది కాదు. గొంతు మార్సి మాటాడే దొంగలున్నారంట. పెట్టీయ్!" ఫోను ఠక్కున ఆగింది.

అనూరాధ నెత్తి కొట్టుకుంది. "మావా, ఎందుకలా మాటాడతన్నావు? ఎదురుగున్నాను, నాకే నువ్వంటే నమ్మబుద్ధి కాలేదు!"

"తప్పు సేసినోడ్ని, ఎలా మాటాడాల?"

"నీలాగ మాటాడు!"

ఆమె మళ్లీ కలిపింది. నాగబాబు ఎత్తీ ఎత్తకముందే నౌపడ స్టేషన్లో కూలీలు తల తిప్పి చూశారు.

"ఒరే నాగబాబూ! పెళ్లినాడు తాళి ఇంట్లో మరిసిపోయి, పీటల మీద కూకుని జేబులు ఎతుక్కున్న సన్నాసీ! నన్ను దొంగంటావేటిరా? ఇను! మొన్న పంపింది దొంగ యాప్. నానే పంపినాను. సదవకుండా, అడక్కుండా, బెదిరించి మరీ పంపినాను. ఎవుడూ నా సేత పంపించలేదు. నాకంటే పెద్ద ఎదవ ఈ ఒడ్డున పుట్టలేదు. దానమ్మ వల నా నోరు మింగీసినాది. ఆ మాట రేపు నా మొకాన ఉమ్మేసి సెప్పు, పడతాను. ఉమ్మడానికి నువ్వు బతికుండాల కదరా! ఇది ఫైలు కాదు, దేన్నీ నొక్కక్కర్లేదు. అల సూడు, ఎడం సూడు, ఇంజను తిప్పు!"

అవతల నీళ్ల చప్పుడు. ఆ తర్వాత నాగబాబు గొంతు: "నువ్వే మావా. తాళి సంగతి ఏ దొంగకి తెలుస్తాది? వస్తన్నాం."

ఎనిమిది బోట్లకి ఎనిమిది తిట్లు. ఒకడి అత్తారింటి గొడవ, ఒకడి పేకాట, ఒకడు చిన్నప్పుడు కొబ్బరిచెట్టెక్కి దిగలేక ఏడ్చిన ఏడుపు. ప్రతి తిట్టులోనూ తన తప్పు మొదట చెప్పాడు, ఒక్కచోటా తగ్గించలేదు. తొమ్మిదో నంబరు అప్పలసూరిది. అది అనూరాధ ఫోను నుంచి కూడా అందలేదు.

"ఆడు మాకంటే లోపలికెల్లినాడు మావా, సిగ్నల్ లేదు," అన్నాడు నాగబాబు, మళ్లీ ఫోన్ చేస్తే. "అటెల్లి కేకేస్తాను."

అసిరయ్య ఒడ్డుకొచ్చి దిబ్బ మీద నిలబడ్డాడు. కూర్మమ్మ వచ్చి పక్కన నిలబడింది. మధ్యాహ్నం దాటేసరికి ఏడు బోట్లు ఇసుక మీదికి వచ్చాయి. తూర్పున ఆకాశం తుప్పు రంగులోకి తిరిగింది. గాలి మొదటి విసురు ఆయన తలగుడ్డని ఎగరగొట్టింది. దాని వెనక పరుగెత్తలేదు. ఆయన చూపు నీటి మీదే ఉంది. అప్పుడు రెండు చుక్కలు కనిపించాయి. ముందు నాగబాబు, వెనక అప్పలసూరి.

పడవ లాగాక అప్పలసూరి తడి బట్టలతో తిన్నగా దిబ్బెక్కి వచ్చాడు. "సగం వల కోసీసి వచ్చినాను సిన్నాన్నా. నాగబాబు మావ ఎంతరిసినా మొదట నమ్మలేదు. ఇది కూడా ఆ దొంగోడి పనే అనుకున్నాను."

"మరెలాగొచ్చినావు?"

"నిన్ను నువ్వు తిట్టుకున్నావని అరిసినాడు. అప్పుడు తిప్పినాను ఇంజను."

అసిరయ్య నోరు తెరిచాడు. తిట్టు దొరకలేదు. వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నొప్పెడుతోందని వాడు అనేదాకా. వాళ్లు ఇంటికి చేరేలోపే గాలి విరుచుకుపడింది. పేటలో నాలుగు కప్పులు లేచిపోయాయి, మనుషులకి ఏమీ కాలేదు.

గాలి తగ్గిన మర్నాడు అసిరయ్య తన మంచి వల భుజాన వేసుకుని వెళ్లి దానమ్మ గడప ముందు పెట్టాడు. ఆవిడని వెంటబెట్టుకుని నౌపడ వెళ్లి ఫిర్యాదు నమోదు చేయించాడు. పోయింది వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆ మొహం లేని వాడిని ఇప్పటికీ ఒక గుక్కలో తిడతాడు.

'గాలి కబుర్లు' గ్రూపు మళ్లీ నిండింది. ఇప్పుడక్కడ ఫైళ్లు చెల్లవు, నోటి మాటే. అనుమానమొస్తే మనిషికి ఫోన్ చేసి అడిగే దాకా ఎవరూ ముందుకి పంపరు. అసిరయ్య ఆ పద్ధతిని ఎంత గట్టిగా తిట్టి నేర్పాడంటే, జగన్నాధం పువ్వుల బొమ్మ పంపేముందు కూడా ఫోన్ చేసి అడుగుతున్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున అసిరయ్యకి మనసు మెత్తబడింది. తనని వదిలిపోయినా మళ్లీ తిరిగొచ్చినందుకు గ్రూపులో అందరికీ ఒక మాట చెప్పాలనిపించింది. గొంతు సవరించుకుని, "అందరూ సల్లగా ఉండండి నాయనా. మీ దయ నాను మర్సిపోను," అని రికార్డు చేసి పంపాడు.

పావుగంటలో అనూరాధ కొట్టుకి ఆరు ఫోన్లు వచ్చాయి.

"మావ ఫోనుకి మళ్లీ ఏదో పట్టినట్టున్నాది," అంటున్నారు. "సూడే, మెత్తగా మాటాడతన్నాది."